టవర్‌లో ఆకుకూరలు: ముందు మీ నీళ్ల సంగతి చూసుకోండి

ఏరోపోనిక్ టవర్ కొందామా అని ఎవరడిగినా, ముందు మీ ఇంటి నీళ్ల టీడీఎస్, అంటే వాటిలో కరిగి ఉన్న లవణాలు ఎంతో, చూడమంటాను. ఇందులో మట్టి ఉండదు. కింద ట్యాంకులోని నీళ్లను చిన్న మోటారు పైకి తోస్తుంది. లోపల వేలాడే వేర్ల మీద అవి జల్లుగా పడి, మళ్లీ ట్యాంకులోకే దిగుతాయి. మొక్క తిన్నా తాగినా ఆ నీళ్లే, కాబట్టి వాటిలో తేడా వస్తే కాచుకోవడానికి ఇంకేమీ ఉండదు.

మేముండేది హైదరాబాద్‌లో, కూకట్‌పల్లి వైపు. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ల టీడీఎస్ 800 దాటుతుంది. పోషకాలు కలపకముందే అంత ఉప్పు ఉంటే ఇక మొక్కకేం పెడతాం? అందుకే నల్లా నీళ్లు పట్టి, ఒక రాత్రి మూత తీసి ఉంచి వాడతాను. అవి అందకపోతే ఆర్వో నీళ్లు.

పోషకాలు ఏ, బీ అని రెండు సీసాల్లో వస్తాయి. ఏ ముందు ట్యాంకులో పోసి బాగా కలిపాకే బీ పోయాలి. రెండూ చిక్కగా ఉన్నప్పుడే కలిస్తే ఒకదాంట్లోని కాల్షియం, రెండోదాంట్లోని సల్ఫేటు, ఫాస్ఫేటులతో చేరి తెల్లటి మడ్డిగా అడుగుకు దిగిపోతుంది. అది వేర్లకు అందదు. ఆకుకూరలకు మీటరు మీద టీడీఎస్ 600 నుంచి 900 లోపు చాలు, లేత మొక్కలకు అందులో సగం. నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. అంతకంటే పెరిగితే ఇనుము అందక, కొత్త ఆకులు ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉండి మిగతాదంతా పసుపుగా మారతాయి.

రోజూ ఉదయం మీటరు పెట్టి చూడండి. టీడీఎస్ పెరిగిందంటే మొక్కలు నీళ్లు ఎక్కువ తాగాయన్నమాట, ఉత్త నీళ్లు పోయండి. తగ్గిందంటే పోషకాలు తిన్నాయి, ఏ, బీ కొంచెం కొంచెం కలపండి. ఇది అలవాటైతే సగం పని వచ్చేసినట్టే. రెండు వారాలకోసారి మొత్తం నీళ్లు మార్చేస్తాను. ఆ పాత నీళ్లు కుండీల్లోని కరివేపాకుకు వెళ్తాయి.

విత్తనాలు తడిపిన కొబ్బరిపొట్టు బిళ్లల్లో వేసి, వేరు అడుగు నుంచి బయటికొచ్చాక టవర్ కప్పుల్లోకి మార్చాలి. మన పాలకూర విత్తనం ఒక్కటి వేస్తే రెండు మూడు మొలకలు రావచ్చు, బలమైనది ఉంచి మిగతావి కత్తిరించేయండి. ధనియాలు నలిపి రెండు బద్దలు చేసి వేయండి. గోంగూర మాత్రం కుండీలోనే బాగుంటుంది. దాని కాండం, వేరు రెండూ టవర్‌కు బరువే.

ఎండాకాలంలో అసలు కష్టం వేర్లదే. ట్యాంకులో నీళ్లు వేడెక్కితే ఆక్సిజన్ తగ్గుతుంది, వేర్లు గోధుమరంగుకు తిరిగి వాసనొస్తాయి. ట్యాంకుకు తడి గోనెసంచి చుట్టి, మధ్యాహ్నం ఐస్ గడ్డకట్టిన బాటిల్ ఒకటి లోపల వేస్తాను. పైన 50 శాతం షేడ్‌నెట్ కడతాను. ఏప్రిల్, మే నెలల్లో లెట్యూస్ జోలికి వెళ్లకండి, అది పూతకొచ్చి చేదెక్కుతుంది. ఆ రోజుల్లో తోటకూర, బచ్చలి హాయిగా పెరుగుతాయి.

పగలు మోటారు 15 నిమిషాలు తిరిగి 15 నిమిషాలు ఆగేలా టైమర్ పెట్టుకోండి. మోటారును తప్పకుండా ఇన్వర్టర్ లైనుకే కలపండి. మిట్టమధ్యాహ్నం కరెంటు పోయి జల్లు ఆగితే మొక్కలు వాలిపోవడానికి ఎక్కువసేపు పట్టదు. మీరు ఊళ్లో లేనప్పుడు అలా జరుగుతుందేమోనన్న టెన్షన్ కూడా ఉండదు.

టవర్‌కు రోజుకు ఐదారు గంటల ఎండ తగలాలి. మా బాల్కనీ తూర్పు వైపు కాబట్టి రోజూ కాస్త తిప్పుతుంటాను. పాలకూరను బయటి ఆకుల నుంచి కోసుకుంటూ, నడిమి చిగురు వదిలేయండి. తోటకూర కాండం కింద రెండు కణుపులు ఉంచి తుంచితే పక్కల నుంచి మళ్లీ చిగురిస్తుంది. మా ఇంట్లో పాలకూర పప్పుకు కోత ఎప్పుడూ ఉదయాన్నే, ఆకు బిగువుగా ఉన్నప్పుడు.