అండమాన్‌లో తాబేళ్లు చూడాలంటే ముందు టార్చ్ ఆపండి

చలికాలంలో ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్ వెళ్తుంటే ఒక రాత్రి కాలీపూర్ బీచ్‌కి ఉంచుకోండి. ఆలివ్ రిడ్లీ, పచ్చ తాబేలు, హాక్స్‌బిల్, లెదర్‌బ్యాక్, ఈ నాలుగు రకాలూ గుడ్లు పెట్టే తీరం అది. అటవీ శాఖ సిబ్బందితోనే వెళ్లండి. ఫోన్ టార్చ్ మాత్రం వెలిగించొద్దు. కాసేపు ఓపిక పడితే చీకటికి కళ్లు అలవాటు పడతాయి. ఒడ్డెక్కుతున్న తల్లి వెలుగుకి బెదిరితే గుడ్లు పెట్టకుండానే సముద్రంలోకి వెళ్లిపోతుంది. గుంట తవ్వి, గుడ్లు పెట్టడం మొదలుపెట్టాకే, అదీ సిబ్బంది రమ్మంటేనే, వెనకవైపు నుంచి దగ్గరికి వెళ్లాలి. తెల్లగా, తడితడిగా పింగ్‌పాంగ్ బంతుల్లా జారిపడుతుంటాయి, ఎంత ముచ్చటగా ఉంటుందో! ఫ్లాష్ కొట్టకండి, ప్లీజ్. గుడ్లలోంచి తాబేలు పిల్లలు బయటికొచ్చే రోజుల్లో ఇంకా జాగ్రత్త: వెలుగు ఎటుంటే అటే సముద్రం అనుకుని పాకిపోతాయి.