ఖాళీ ఇంటికి రెట్టింపు కౌన్సిల్ టాక్స్: బిల్లు వచ్చాక ఏం చేయాలి, రాకముందే ఏం చేయాలి

ఇంగ్లండ్‌లో ఒక కౌన్సిల్ టాక్స్ (ఇళ్ళమీద స్థానిక కౌన్సిల్ వసూలు చేసే పన్ను) ఆఫీసులో చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. మనవాళ్ళ ఫోన్లు మాత్రం రిటైరవ్వలేదు. "అక్కా, ఆ ఇంట్లో ఎవరూ ఉండట్లేదు, చెత్తబుట్ట కూడా బయటపెట్టట్లేదు, బిల్లు మాత్రం డబుల్ వచ్చింది, ఇదేం న్యాయం?" అని అడుగుతారు. మన ఊళ్ళలో ఇల్లు ఖాళీగా ఉంటే వేకెన్సీ రెమిషన్ కింద పన్ను తగ్గించమని అర్జీ పెట్టుకుంటాం కదా, ఆ అలవాటు వల్ల ఇది మరీ వింతగా అనిపిస్తుంది.

ముందు లెక్క చూద్దాం. 2013 ఏప్రిల్ నుంచి ఇంగ్లండ్‌లో కౌన్సిళ్ళకి ఖాళీ ఇళ్ళమీద అదనపు పన్ను వేసే అధికారం వచ్చింది. మొదట్లో రెండేళ్ళు ఖాళీగా ఉంటే గరిష్ఠంగా 50 శాతం. తర్వాత పెంచుకుంటూ పోయారు. 2024 ఏప్రిల్ 1 నుంచి ఏడాది దాటితే చాలు, 100 శాతం ప్రీమియం, అంటే ఈ అదనపు పన్ను, వేయొచ్చు. ఐదేళ్ళు దాటితే 200, పదేళ్ళు దాటితే 300. ఇది అసలు పన్నుకి అదనం అని గుర్తుంచుకోండి. 2025-26లో ఇంగ్లండ్‌లో బ్యాండ్ డి (విలువను బట్టి ఇళ్ళని విడగొట్టిన తరగతుల్లో ఒకటి) సగటు పన్ను 2,280 పౌండ్లు. ఏడాది దాటిన ఇంటికి అది 4,560 అవుతుంది, ఐదేళ్ళు దాటితే 6,840, పదేళ్ళు దాటితే 9,120. వేయాలా వద్దా అన్నది కౌన్సిల్ ఇష్టమే కానీ, చాలా కౌన్సిళ్ళు వేస్తున్నాయి. వేల్స్, స్కాట్లాండ్ రూల్స్ వేరు, వాటి జోలికి ఇక్కడ పోను.

నిజం చెప్పాలంటే ఈ పన్ను నాకు తప్పనిపించదు. ఒక్క గదిలో పిల్లలతో నెలల తరబడి ఇరుక్కున్న కుటుంబాల్ని ఆ ఆఫీసు కౌంటర్ దగ్గర చూశాను. రేటు పెరుగుతుందని ఇల్లు తాళం వేసి కూర్చున్నవాళ్ళ మీద నాకు జాలి లేదు. ఇబ్బంది పడేది మిగతావాళ్ళు: తండ్రి పోయి ప్రొబేట్ (పోయినవాళ్ళ ఆస్తి వ్యవహారాలు చూడడానికి కోర్టు ఇచ్చే అనుమతి) కోసం ఎదురుచూసేవాళ్ళు, పాత ఇల్లు కొని రిపేర్లలో కూరుకుపోయినవాళ్ళు. ఇది రాస్తున్నది వాళ్ళ కోసమే.

అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది తేదీ. ఇల్లు ఎప్పటినుంచి ఖాళీగా, ఫర్నిచర్ లేకుండా ఉంది? ఈ లెక్క ఇంటికే అంటుకుని ఉంటుంది, యజమాని మారితే మళ్ళీ మొదటికి రాదు. వేలంలో నాలుగేళ్ళు ఖాళీగా పడి ఉన్న ఇల్లు కొన్నారనుకోండి, ఇల్లు మీ పేరున పడిన రోజు నుంచే ప్రీమియం మీదవుతుంది, ఇంకో ఏడాది నానిస్తే 200 శాతంలోకి వెళ్తుంది. అందుకే కొనేముందే, కౌన్సిల్ రికార్డులో ఖాళీ తేదీ ఏముందో మీ సాలిసిటర్ (లాయరు) చేత అడిగించండి. చాలామంది అడగరు.

మధ్యలో బావమరిదిని రెండు వారాలు ఉంచితే లెక్క మళ్ళీ మొదలవుతుందా? అవ్వదు. ఆరు వారాలు, అంతకన్నా తక్కువ ఉన్న కాలాన్ని చట్టం అసలు పట్టించుకోదు. నాలుగు కుర్చీలు, ఒక మంచం వేసి "ఫర్నిచర్ ఉంది" అనే పాత చిట్కా కూడా ఇప్పుడు పెద్దగా పనిచేయదు. అలాంటి ఇల్లు సెకండ్ హోమ్ కిందికి వస్తుంది, 2025 ఏప్రిల్ నుంచి వాటిమీద కూడా 100 శాతం ప్రీమియం వేసే వీలుంది.

ఇక మినహాయింపులు. ఇవి 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి, కానీ వాటంతట అవి బిల్లులో కనబడవు, అడిగి తెచ్చుకోవాలి. ఇల్లు అమ్మకానికో అద్దెకో నిజంగా మార్కెట్‌లో ఉంటే, పెట్టిన తేదీ నుంచి గరిష్ఠంగా 12 నెలలు ప్రీమియం ఉండదు. 'నిజంగా' అన్న దగ్గరే చాలా అర్జీలు కొట్టేస్తారు. చుట్టుపక్కల ఇళ్ళన్నీ మూడు లక్షల పౌండ్లకి పోతుంటే మీది నాలుగున్నరకి పెడితే ఆఫీసరు నమ్మరు. ఏజెంట్ ఒప్పందం, ఆన్‌లైన్ ప్రకటన ప్రింటు, ఎవరెవరు చూసి వెళ్ళారో ఆ ఈమెయిళ్ళు, రేటు తగ్గించి ఉంటే ఆ వివరం, అన్నీ జతచేయండి.

పెద్ద రిపేర్లు కావలసిన, లేదా జరుగుతున్న ఇంటికి కూడా 12 నెలలు ఇస్తారు. గోడలకి రంగు, కొత్త కిచెన్ అంటే కుదరదు. పైకప్పు, పునాది, గోడల నిర్మాణం లాంటివి కావాలి. తేదీ వేసిన ఫొటోలు, సర్వేయర్ రిపోర్టు, బిల్డర్ కొటేషన్ పంపండి.

యజమాని చనిపోయి ఇల్లు ఖాళీ అయితే దారి కాస్త మెరుగు. ప్రొబేట్ వచ్చేదాకా, వచ్చాక మరో ఆరు నెలలు క్లాస్ ఎఫ్ అనే మినహాయింపు కింద పన్నే ఉండదు. ఇల్లు ఈలోగా వారసుల పేరు మీదికి మారినా, అమ్మేసినా అది పోతుంది. ప్రొబేట్ వచ్చిన తేదీ నుంచి 12 నెలల దాకా ప్రీమియం పడదు, అంటే రెండో ఆరు నెలలు మామూలు బిల్లే. ఇండియాలో ఉన్న అన్నదమ్ముల సంతకాల కోసం ఈ గడువు కరిగిపోవడం నేను చూస్తూనే ఉన్నాను, ఆ పని మొదటి వారంలోనే మొదలుపెట్టండి. యజమాని కేర్ హోమ్‌కి శాశ్వతంగా వెళ్ళినా (క్లాస్ ఇ), ఇంకొకరికి సేవ చేయడానికి వేరే చోట నివాసం పెట్టినా (క్లాస్ జె) పూర్తి మినహాయింపు అడగొచ్చు. అమ్మానాన్నల్ని చూసుకోవడానికి వెళ్ళినవాళ్ళు డాక్టరు ఉత్తరంతో క్లాస్ జె తప్పకుండా అడగండి.

కౌన్సిల్ కాదంటే ఫోన్లో వాదించకండి, రాతపూర్వకంగా అభ్యంతరం పంపండి. జవాబుకి వాళ్ళకి రెండు నెలలు గడువు. ఒప్పుకోకపోతే, ఆ జవాబు వచ్చిన రెండు నెలల్లో వాల్యుయేషన్ ట్రైబ్యునల్‌కి (ఇలాంటి అప్పీళ్ళు వినే స్వతంత్ర సంస్థ) వెళ్ళొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. అప్పీలు నడుస్తోంది కదా అని బిల్లు కట్టడం ఆపకండి, రిమైండరు, ఆపైన మెజిస్ట్రేట్ కోర్టు సమన్లు, ఖర్చులు మీద పడతాయి. గెలిస్తే డబ్బు వెనక్కి వస్తుంది. ఏ క్లాసులోనూ ఇమడని కష్టమైతే కౌన్సిల్ టాక్స్ చట్టంలోని సెక్షన్ 13ఎ కింద తగ్గించమని కౌన్సిల్‌కి విడిగా రాయండి. అది పూర్తిగా వాళ్ళ దయ. ఆదాయం, ఖర్చుల వివరాలు లేకుండా పంపితే పక్కన పడేస్తారు.

ఇంకొకటి, ఇది కౌన్సిల్ టాక్స్ కాదు కానీ ఖాళీ ఇంటివాళ్ళకి పనికొచ్చేది. రెండేళ్ళకి పైగా ఖాళీగా ఉన్న ఇంటిని బాగుచేయిస్తే బిల్డర్ 20 శాతం బదులు 5 శాతం వ్యాట్ వేయొచ్చు. బిల్డర్‌కి రుజువు కావాలి. కౌన్సిల్‌లో ఎంప్టీ ప్రాపర్టీ ఆఫీసర్‌ని అడిగితే ఎప్పటినుంచి ఖాళీగా ఉందో ఉత్తరం ఇస్తారు. పని మొదలవకముందే ఆ ఉత్తరం బిల్డర్ చేతిలో పెట్టి, కొటేషన్‌లో 5 శాతం అని రాయించుకోండి.