చేతిలో పట్టు తక్కువా? పిస్టల్ కొనే ముందు ఇవి చూసుకోండి

మా ఆవిడకు బొటనవేలి కీలు నొప్పి. మేముండే డాలస్ దగ్గర ఒక షాపులో ఆ సంగతి చెబితే, కౌంటర్ దగ్గరాయన ఇంకేం అడక్కుండా బుల్లి రివాల్వర్ ఒకటి తీసిచ్చాడు. "లేడీస్‌కి ఇదే బెస్ట్" అన్నాడు. కొన్నాం. కాల్పులు ప్రాక్టీసు చేసే రేంజ్‌లో ఐదో తూటాకే తను దాన్ని బల్ల మీద పెట్టేసి చెయ్యి నొక్కుకుంటూ కూర్చుంది. చెయ్యి ఏ పని దగ్గర మొరాయిస్తోందో చూడకుండా కొనడమే మేం చేసిన పొరపాటు.

ముందుగా ఒక మాట. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు, విజిటర్ వీసాపై వచ్చిన అమ్మానాన్నలు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ దగ్గర పెట్టుకోకూడదు. వేట లైసెన్స్ లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి, లాయర్‌ని అడగండి. గ్రీన్ కార్డు ఉంటే ఈ అడ్డు లేదు.

స్లైడ్ వెనక్కి రావట్లేదు

స్లైడ్ అంటే పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం, దాన్ని లాగి వదిలితేనే తూటా లోపలికి ఎక్కుతుంది. ఎక్కువమంది చేతులు చాచి, స్లైడ్‌ని రెండు వేళ్లతో గిల్లినట్టు పట్టుకుని లాగుతారు. అలా లాగితే బలమున్నవాళ్లకీ కష్టమే. మ్యాగజైన్ (తూటాలు పెట్టే డబ్బా) తీసి, ఛాంబర్ (పేలే ముందు తూటా ఉండే చోటు) ఖాళీగా ఉందని కళ్లారా చూసుకుని ఇలా చేయండి. పిస్టల్‌ని ఛాతీ దగ్గరికి తెచ్చుకోండి. ఎడమ అరచెయ్యి స్లైడ్ వెనక భాగం మీద పెట్టి నాలుగు వేళ్లూ మడిచి గట్టిగా పట్టుకోండి. ఆ చెయ్యి కదలకూడదు. కుడిచేత్తో పిస్టల్‌ని ముందుకి తోయండి. తర్వాత ఎడమచెయ్యి ఒక్కసారిగా వదిలేయండి. మెల్లగా వదిలితే స్లైడ్ పూర్తిగా మూసుకోదు. ఇలా చేసేటప్పుడు గొట్టం పక్కవాళ్ల వైపు తిరిగిపోతుంటుంది, జాగ్రత్త. మీరే కుడివైపు తిరిగి నిలబడితే గొట్టం టార్గెట్ వైపే ఉంటుంది.

అప్పటికీ రాకపోతే ఆ పిస్టల్ స్ప్రింగ్ మీ చేతికి మరీ బిగువన్నమాట. తూటా చిన్నదైతే స్లైడ్ తేలిగ్గా వస్తుందనుకుంటాం, కానీ అన్నిసార్లూ అలా కాదు. వాల్తర్ పీపీకే లాంటి బ్లోబ్యాక్ పిస్టల్‌లో స్లైడ్‌ని ఆపేది దాని బరువూ స్ప్రింగూ మాత్రమే, అందుకే ఆ స్ప్రింగ్ బిగువుగా ఉంటుంది. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 2018లో తెచ్చిన షీల్డ్ ఈజీ .380 (ఇది తూటా సైజు) పట్టు తక్కువున్న ఇలాంటి చేతుల కోసమే చేసింది. 2020లో 9 ఎంఎం తూటా రకం కూడా వచ్చింది. అయితే 2020 మార్చి - అక్టోబర్ మధ్య తయారైన ఈజీలకు హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి లాంటి భాగం) లోపం వల్ల రీకాల్ ఇచ్చారు. సెకండ్ హ్యాండ్‌లో కొంటే సీరియల్ నంబర్ చూసుకోండి. ఈజీ పిడికి వెనకవైపు గ్రిప్ సేఫ్టీ అనే మీట ఉంది. అరచెయ్యి దాన్ని పూర్తిగా నొక్కకపోతే పిస్టల్ పేలదు. వేళ్లు సరిగ్గా మూసుకోనివాళ్లు ఇది ముందే పరీక్షించుకోవాలి.

బెరెట్టా 92 లాంటి వాటిలో హ్యామర్‌ని ముందే బొటనవేలితో వెనక్కి లాగి ఉంచితే స్లైడ్ లాగేటప్పుడు హ్యామర్ స్ప్రింగ్ బిగువు అడ్డు పడదు. బెరెట్టా టామ్‌క్యాట్‌కైతే మీట నొక్కగానే గొట్టమే పైకి లేస్తుంది, మొదటి తూటాకి స్లైడ్ లాగే పనే లేదు.

ట్రిగ్గర్ నొక్కేసరికి గురి కిందికి జారుతోంది

మా రివాల్వర్ రోగం ఇదే. చిన్న డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ నొక్కడంతోనే హ్యామర్ వెనక్కి వెళ్లి పేలే) రివాల్వర్ ట్రిగ్గర్‌కి దాదాపు 12 పౌండ్ల బలం కావాలి, అంటే ఒక్క వేలితో 5.5 కిలోలు లాగడం. తుపాకీ బరువు చూస్తే అరకిలో కూడా ఉండదు! గ్లాక్ లాంటి పిస్టల్‌లో ఇది సుమారు 5.5 పౌండ్లే. ఇంట్లో స్ప్రింగ్ కోసి ట్రిగ్గర్ తేలిక చేసుకోవద్దు, తూటా పేలడం మానేస్తుంది.

ఖాళీ తొడుగు స్లైడ్‌లో ఇరుక్కుంటోంది

తూటా పేలాక మిగిలే ఇత్తడి తొడుగుని స్లైడ్ వెనక్కి వెళ్తూ బయటికి విసరాలి. మణికట్టు వదులైతే పిస్టల్ మొత్తం స్లైడ్‌తో పాటే వెనక్కి పోతుంది, తొడుగు బయటికి ఎగరదు. రెండు చేతులతో పట్టుకోండి. కాస్త బరువైన పిస్టల్ తీసుకోండి. అదే తూటా తేలిక తుపాకీలో ఇంకా గట్టిగా తంతుంది. ప్రాక్టీసుకి .22 అనే చిన్న తూటా హాయిగా ఉంటుంది గానీ, ఆ తూటాలు పేలకపోవడం కొంచెం ఎక్కువ.

మ్యాగజైన్‌లో చివరి తూటాలు దిగట్లేదు

అప్‌లూలా లాంటి లోడర్ (మ్యాగజైన్‌లోకి తూటాలు దించే పరికరం) కొనుక్కోండి. అంతే.

మేం ఆ రివాల్వర్ అమ్మేశాం. రేంజ్‌లో అద్దెకు తీసుకుని 30 తూటాలు కాల్చి, చివర్లో కూడా తను స్లైడ్ లాగగలిగాకే ఈజీ .380 కొన్నాం. తన చేతికి తేలిగ్గా వచ్చే స్లైడ్ మా ఎనిమిదేళ్లవాడి చేతికీ వస్తుంది కాబట్టి లాకర్ తప్పనిసరి. మొదట తెచ్చినది తాళంచెవి తిప్పే రకం, తన బొటనవేలికి అదీ నొప్పే. ఇప్పుడు బటన్లు నొక్కేది వాడుతున్నాం.