వీపీఎన్ ఎలా పనిచేస్తుంది? ఫోన్‌లో పెట్టుకుని సరిచూసుకోవడం ఎలా?

వీపీఎన్ అంటే వర్చువల్ ప్రైవేట్ నెట్‌వర్క్. మీ ఫోన్‌కీ ఎక్కడో ఉన్న ఒక సర్వర్‌కీ మధ్య, ఇంటర్నెట్ మీదుగానే, పక్కవాళ్లు తొంగిచూడలేని దారి వేస్తుంది. ఆన్ చేశాక ఫోన్ నుంచి బయటికెళ్లే ప్రతి డేటా ప్యాకెట్ (డేటాలో ఒక చిన్న ముక్క) ముందే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, అంటే బయటివాళ్లు చదవలేని రూపంలోకి మారుతుంది. దాన్ని ఇంకో కవర్లో పెట్టి, పైన వీపీఎన్ సర్వర్ అడ్రస్ రాసి పంపినట్టు అనుకోండి. సర్వర్ ఆ కవరు విప్పి, తన ఐపీ అడ్రస్‌తో (నెట్‌లో చిరునామాలా పనిచేసే నంబర్) అసలు సైట్‌కి పంపుతుంది. జవాబు కూడా అదే దారిన వస్తుంది. మీకు నెట్ ఇచ్చే కంపెనీకి మీరు ఆ సర్వర్‌తో మాట్లాడుతున్నారని మాత్రమే తెలుస్తుంది. సైట్‌కి సర్వర్ ఐపీ కనిపిస్తుంది, మీది కాదు.

ఇక్కడే చాలామంది ఒక విషయం మర్చిపోతారు. కవరు విప్పేది వీపీఎన్ కంపెనీ. హెచ్‌టీటీపీఎస్ (మీకూ సైట్‌కీ మధ్య విడిగా ఉండే ఎన్‌క్రిప్షన్) ఉన్న సైట్‌లో మీరు టైప్ చేసేది దానికీ కనపడదు కానీ, ఏయే సైట్లకు వెళ్తున్నారో కనపడుతుంది. అంటే నెట్ కంపెనీ మీద పెట్టే నమ్మకాన్ని తీసి ఇంకొకరి మీద పెడుతున్నారు. అందుకే యాప్ వేసుకోవడం కన్నా ఎంచుకోవడానికే ఎక్కువ టైమ్ కేటాయించండి.

మొదట, ఆ కంపెనీ ఎవరిదో వెతకండి. ‘లాగ్‌లు (మీరు ఏం చూశారో రాసిపెట్టే రికార్డులు) మేం దాచుకోం’ అని కంపెనీ చెబితే సరిపోదు, బయటి సంస్థతో ఆడిట్ చేయించారా చూడండి. సర్వర్లు నడపడానికి బోలెడు ఖర్చవుతుంది. పూర్తిగా ఉచితం అంటే ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో అడగాల్సిందే. ప్రోటోకాల్‌గా, అంటే ఆ దారి వేసే పద్ధతిగా, వైర్‌గార్డ్, ఓపెన్‌వీపీఎన్, ఐకేఈవీ2లలో ఏదైనా పర్లేదు. వైర్‌గార్డ్ 2020లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోనే చేరింది, వేగంగా ఉంటుంది. 1990ల నాటి పీపీటీపీని మాత్రం ముట్టుకోవద్దు, దాని భద్రతను ఎప్పుడో ఛేదించేశారు.

ఇన్‌స్టాల్ చేసే ముందు బ్రౌజర్‌లో మీ ఐపీ అడ్రస్ చూసి రాసిపెట్టుకోండి. తర్వాత యాప్ వేసి, కనెక్ట్ నొక్కి, ఫోన్ అడిగే అనుమతి ఇవ్వండి. ఆండ్రాయిడ్‌లో పైన తాళంచెవి గుర్తు వస్తుంది. దగ్గర్లోని సర్వర్ ఎంచుకుంటే వేగం అంతగా తగ్గదు.

గుర్తు కనపడగానే ఆగిపోకండి. ఐపీ మళ్లీ చూడండి, మారి ఉండాలి. సైట్ పేరుకి దాని ఐపీ అడ్రస్ వెతికిపెట్టేది డీఎన్ఎస్. డీఎన్ఎస్ లీక్ టెస్ట్ చేసే సైట్ ఒకటి తెరవండి. అందులో మీ నెట్ కంపెనీ పేరు వస్తే, మీరు వెళ్లే సైట్ల పేర్లు ఇంకా వాళ్లకు అందుతున్నట్టే. యాప్ సెట్టింగ్స్ సరిచేయండి, లేదా యాప్ మార్చండి.

కనెక్షన్ మధ్యలో తెగితే ఫోన్ చప్పుడు లేకుండా మామూలు దారిలోకి వెళ్లిపోగలదు. దీనికి ఆండ్రాయిడ్ వీపీఎన్ సెట్టింగ్స్‌లో ‘ఆల్వేస్ ఆన్ వీపీఎన్’, ‘బ్లాక్ కనెక్షన్స్ వితౌట్ వీపీఎన్’ రెండూ ఆన్ చేయండి. చాలా యాప్‌లలో దీన్నే కిల్ స్విచ్ అంటారు.

ఇంత చేసినా, మీరు లాగిన్ అయిన సైట్‌కి మీరెవరో తెలుస్తూనే ఉంటుంది. కుకీలు (మిమ్మల్ని గుర్తుపట్టడానికి సైట్లు ఫోన్‌లో పెట్టే చిన్న ఫైళ్లు) ఎక్కడికీ పోవు. దొంగ లింక్ నొక్కి పాస్‌వర్డ్ ఇస్తే వీపీఎన్ ఆపలేదు.

పబ్లిక్ వైఫైలో లాగిన్ పేజీ తెరుచుకోకపోతే టెన్షన్ వద్దు, పైన చెప్పిన బ్లాకింగే అడ్డుపడుతుండొచ్చు. దాన్నీ వీపీఎన్‌నీ కాసేపు ఆపి, లాగిన్ అయ్యి, ఇంకే యాప్ తెరవకముందే మళ్లీ ఆన్ చేసుకోండి.