మొదటి డెస్క్‌టాప్, 3వ పాఠం: విడిభాగాల పొంతన

గత పాఠంలో బడ్జెట్ వేసుకుని సామాన్ల చీటీ రాసుకున్నాం. డబ్బు కట్టే ముందు ఆ చీటీకి పొంతన చూడాలి. గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి వాళ్లకు ఈ పని మరీ అవసరం. కొనేది బరంపురంలోనో విశాఖలోనో కాబట్టి ఒక్క ర్యామ్ తప్పొచ్చినా ఒక రోజు పోతుంది, రానూపోనూ ఛార్జీలు పడతాయి. సీలు తీసిన పెట్టెను కొట్టువాడు తిరిగి పుచ్చుకుంటాడన్న భరోసా లేదు.

పొంతన తప్పడం మూడు రకాలు. కొన్ని భాగాలు అసలు కూర్చోవు. కొన్ని చక్కగా కూర్చుంటాయి గానీ పలకవు. ఇంకొన్ని పలికినా సగం బలంతోనే నడుస్తాయి. కూర్చోనిది చేత్తో పట్టుకోగానే తెలుస్తుంది. మనం బలవంతం చెయ్యకపోతే దానితో పెద్ద నష్టం లేదు. డబ్బు తినేది కూర్చుని పలకనిదే. ఈ పాఠంలో ఎక్కువ చోటు దానికే.

ఒక తప్పుల చీటీ

ఈ చీటీ చూడండి. ప్రాసెసర్ కోర్ ఐ5-12400ఎఫ్, ట్రే ప్యాక్ (కంపెనీ పెట్టె లేకుండా విడిగా అమ్మేది). హెచ్610 మదర్‌బోర్డు, పేరు చివర డీ4. 16 జీబీ డీడీఆర్5 ర్యామ్ ఒకటి. 500 జీబీ ఎం.2 సాటా ఎస్ఎస్‌డీ. 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (అన్ని భాగాలకూ కరెంటు ఇచ్చే పెట్టె). చిన్న క్యాబినెట్. మానిటర్ ఇంట్లో ఉన్న పాతదే, వీజీఏ వైరుది. గ్రాఫిక్స్ కార్డు తర్వాత కొందామని వదిలేశారు.

ఇందులో మూడు తప్పులు ఖాయం, ఒకటి అనుమానం. ముందు మీరే వెతికి, తర్వాత కిందికి రండి.

మొదటిది ర్యామ్. 12, 13, 14వ తరం ఇంటెల్ ప్రాసెసర్లు డీడీఆర్4, డీడీఆర్5 రెండింటితోనూ నడుస్తాయి. బోర్డు మాత్రం మామూలుగా రెంటిలో ఒకదానికే తయారవుతుంది. ఆసుస్ బోర్డుల్లో పేరు చివర డీ4 అంటే డీడీఆర్4 అని. రెండు రకాలకూ 288 పిన్నులే ఉన్నా మధ్యలో గాడి చోటు వేరు, అందుకే ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు. దిగడం లేదని బొటనవేళ్లతో అదిమితే స్లాట్ విరుగుతుంది. కొట్లో ఒడియాలో అడిగినా తెలుగులో అడిగినా, బోర్డు మోడల్ పేరు చివరి అక్షరం దాకా కాగితం మీద రాసి ఇవ్వండి. ‘హెచ్610 బోర్డు ఒకటి’ అంటే ఏది చేతికందితే అది ఇస్తారు.

రెండోది మొదటిసారి కట్టేవాళ్లను బాగా ముంచే తప్పు. ఇంటెల్ పేరులో ఎఫ్ ఉంటే ఆ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండదు. బోర్డు వెనక వీజీఏ, హెచ్‌డీఎంఐ రంధ్రాలు ఉంటాయి, వైరు కూడా గట్టిగా బిగుస్తుంది, ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. ఆ రంధ్రాలకు బొమ్మ పంపేది బోర్డు కాదు, ప్రాసెసర్. కార్డు తర్వాత కొనేటట్లయితే ఎఫ్ లేని 12400 తీసుకోవాలి. ఏఎండీలో లెక్క వేరు. ఏఎం4 సాకెట్‌లో (సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) రైజెన్ 5 5600కి గ్రాఫిక్స్ లేదు, 5600జీకి ఉంది. ఏఎం5కి వచ్చే 7600లో చిన్నదొకటి ఉంటుంది, 7500ఎఫ్‌లో ఉండదు. కార్డు కొన్నాక మానిటర్ వైరు కార్డుకే పెట్టాలి. కొత్త కార్డుల్లో వీజీఏ రంధ్రం ఉండదు కాబట్టి పాత మానిటర్‌కు లోపల చిప్ ఉన్న హెచ్‌డీఎంఐ-వీజీఏ కన్వర్టర్ కావాలి. ఉత్త వైరు పనికిరాదు.

మూడోది ట్రే. ట్రే ప్యాక్‌లో కూలర్ రాదు. 12400ఎఫ్ పెట్టెతో కొంటే కూలర్ కలిసి వస్తుంది. ట్రే ధర తక్కువని తీసుకుని విడిగా కూలర్ కొంటే మిగిలిందేమీ ఉండకపోవచ్చు. పాత కూలర్ ఇంట్లో ఉందనుకుంటే రంధ్రాల దూరం కొలవండి. ఇంటెల్ పాత సాకెట్ ఎల్‌జీఏ1200లో 75 మి.మీ., 12400ఎఫ్ కూర్చునే ఎల్‌జీఏ1700లో 78 మి.మీ. ఆ 3 మిల్లీమీటర్ల తేడాతో ఎక్కదు, ఎక్కించినా ఒక మూల పైకి లేచి ప్రాసెసర్ వేడెక్కుతుంది.

అనుమానం ఎస్ఎస్‌డీ మీద. ఎం.2 అనేది ఆకారం పేరే. అదే ఆకారంలో నెమ్మదైన సాటా రకం ఉంది, వేగమైన ఎన్‌వీఎంఈ రకం ఉంది. ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకునే స్లాట్‌లో సాటాది దిగుతుంది, స్క్రూ కూడా పడుతుంది, బయోస్‌లో (ఆన్ చెయ్యగానే బోర్డును లేపే ప్రోగ్రాంలో) మాత్రం కనబడదు. మామూలుగా సాటా రకానికి రెండు గాట్లు, ఎన్‌వీఎంఈకి ఒకటి ఉంటాయి. దాన్నే నమ్ముకోకుండా బోర్డు మాన్యువల్‌లో ఎం.2 పేజీ తీసి చూడండి. కొన్ని బోర్డుల్లో ఎం.2 నింపితే ఒక సాటా పోర్టు ఆగిపోతుంది, ఆ మాట కూడా అక్కడే సన్నటి అక్షరాల్లో ఉంటుంది. పాత హార్డ్ డిస్క్ కనబడటం లేదని కొత్తది కొనేముందు ఆ పేజీ చదవాలి.

బయోస్ ముడి

సాకెట్ సరిపోయింది కాబట్టి ప్రాసెసర్ నడుస్తుందనుకోవడం పొరపాటు. ఇంటెల్ 6, 7 తరాలకూ 8, 9 తరాలకూ సాకెట్ పేరు ఎల్‌జీఏ1151 ఒకటే, అయినా వీటి బోర్డులో అవి నడవవు. హెచ్610 బోర్డులు 2022 ఆరంభంలో 12వ తరం కోసం వచ్చాయి. 13వ తరం అదే ఏడాది అక్టోబరులో, 14వది 2023 అక్టోబరులో దిగాయి. పాత స్టాకు బోర్డులో వాటిని పెడితే బయోస్ మార్చేదాకా లేవదు. ఏఎండీ బోర్డులైన బీ450లో రైజెన్ 5000, బీ650లో రైజెన్ 9000 పెట్టినా ఇదే ముడి. బీ550 ఇంకో తిరకాసు: రైజెన్ 5000ని తీసుకుంటుంది గానీ, పాత 3200జీ, 3400జీలకు దానిలో అధికారికంగా చోటు లేదు. సెకండ్ హ్యాండ్‌లో 3200జీ చవగ్గా దొరికిందని బీ550 కొనకండి.

సరిచూసే పద్ధతి ఇది. బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీ తెరిచి, సీపీయూ సపోర్ట్ జాబితాలో మీ ప్రాసెసర్ వరస చూడండి. ఏ బయోస్ వెర్షన్ నుంచి పనిచేస్తుందో పక్కనే ఉంటుంది. పెట్టె మీద స్టిక్కర్‌లో వెర్షన్ ఉంటే పోల్చుకోండి. లేకపోతే కొట్లోనే అప్‌డేట్ చేయించుకుని, తెర వెలిగింది చూశాకే పెట్టె సర్దండి. విశాఖలో అరగంట ఆగడం నయం, గుణుపురం చేరాక తిరిగి బండెక్కడం కన్నా.

ఇల్లు చేరాక తెలిసిందా? బోర్డు వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే ప్రాసెసర్ లేకుండానే మార్చవచ్చు. 32 జీబీ లోపు పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32గా ఫార్మాట్ చేయండి. డౌన్‌లోడ్ చేసిన ఫైలు పేరు మాన్యువల్ చెప్పినట్టు మార్చండి. ఎంఎస్ఐ బోర్డుకు ఒక పేరు, గిగాబైట్‌కు ఇంకో పేరు, ఒక్క అక్షరం తేడా వచ్చినా బోర్డు చదవదు. 24 పిన్ల వైరు, 8 పిన్ల సీపీయూ వైరు కలిపి, గుర్తున్న యూఎస్‌బీ రంధ్రంలోనే పెన్‌డ్రైవ్ పెట్టి బటన్ నొక్కి పట్టండి. లైటు మిణుకుతూ కొన్ని నిమిషాలు సాగుతుంది, ఆగేదాకా ముట్టుకోకూడదు. మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు. కాళబైశాఖి గాలులు కొట్టే సాయంత్రం ఈ పని పెట్టుకోవద్దు. పెట్టుకుంటే యూపీఎస్ మీదే.

వాట్లు కాదు, వైర్లు లెక్కపెట్టండి

ఎస్ఎంపీఎస్ కొనేటప్పుడు అందరూ వాట్లే అడుగుతారు. ముందు వైర్లు లెక్కపెట్టాలి. బోర్డుకు 24 పిన్నులు. ప్రాసెసర్‌కు 8, అది 4+4గా విడిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు వైరు కూడా 8 పిన్నులదే గానీ 6+2గా విడిపోతుంది. రెంటి ప్లాస్టిక్ ఆకారం వేరు, కరెంటు వచ్చే పిన్నులూ వేరు. అటుదిటు కుక్కితే పొగే.

బోర్డు స్లాట్ కార్డుకు 75 వాట్లు ఇస్తుంది, 6 పిన్నులు మరో 75, 8 పిన్నులు 150. ఆర్‌టీఎక్స్ 3060కి 170 వాట్లు కావాలి, అంటే స్లాట్ ఒక్కటే చాలదు. ఎన్‌విడియా దానికి 550 వాట్ల ఎస్ఎంపీఎస్ చెబుతుంది. 8 పిన్నుల వైరు లేదంటే కొందరు సాటా నుంచి మార్చే కన్వర్టర్ చేతిలో పెడతారు. తీసుకోకండి. సాటా కనెక్టర్ 12 వోల్టుల్లో 4.5 ఆంపియర్లే, అంటే 54 వాట్లే మొయ్యగలదు. దాని నుంచి 150 లాగితే ప్లాస్టిక్ కరుగుతుంది.

వైర్లు ఊడదీసే మాడ్యులర్ ఎస్ఎంపీఎస్ అయితే ఒక కంపెనీ వైరు ఇంకో కంపెనీ దానికి పెట్టకూడదు. డిస్కు వైపు ఆకారం అందరిదీ ఒకటే, ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరస ఎవరిది వారిదే. 5 వోల్టులు రావాల్సిన చోట 12 వస్తే డిస్కు ఆ క్షణమే పోతుంది. పాత ఎస్ఎంపీఎస్ వెనక 115, 230 అని ఎర్ర స్విచ్ ఉంటే అది 230 వైపు ఉందో లేదో చూశాకే ప్లగ్ పెట్టండి.

కొలతలు

ఇది టేపు పని. మైక్రో ఏటీఎక్స్ బోర్డు గరిష్ఠంగా 244 x 244 మి.మీ., పూర్తి ఏటీఎక్స్ 305 x 244. క్యాబినెట్ వివరాల్లో కూలర్ ఎత్తు, కార్డు పొడవు హద్దులు ఉంటాయి. డీప్‌కూల్ ఏకే400 ఎత్తు 155 మి.మీ., 150 హద్దున్న క్యాబినెట్‌లో పక్క తలుపు మూసుకోదు. బోర్డు కింద ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డును రేకుకు తగలకుండా ఎత్తి పట్టే చిన్న స్తంభాలు) బోర్డు రంధ్రాలున్న చోటే ఉండాలి. అదనంగా ఒకటి మిగిలితే అది బోర్డు వీపుకు తగిలి షార్ట్ అవుతుంది.

నడుస్తుంది, కానీ సగమే

5600జీలాగా ప్రాసెసర్ గ్రాఫిక్స్ మీదే నడిచేదానికి 16 జీబీ ఒకటి కన్నా 8 జీబీ రెండు మేలు. ఆ గ్రాఫిక్స్ ర్యామ్‌నే వాడుకుంటుంది, రెండు దారులుంటే బొమ్మ స్పష్టంగా వేగం పుంజుకుంటుంది. నాలుగు స్లాట్ల బోర్డులో మామూలుగా ప్రాసెసర్ నుంచి రెండోది, నాలుగోది వాడాలి. 3200 అని రాసిన ర్యామ్ మొదటిసారి తక్కువ వేగంతో లేవొచ్చు. అలా అయితే బయోస్‌లో ఎక్స్ఎంపీ (ర్యామ్‌ను రాసిన వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేస్తేనే పూర్తి వేగం. ఇంకొకటి, 5600జీ పీసీఐఈ (కార్డులు, ఎన్‌వీఎంఈలు ప్రాసెసర్‌తో కలిసే దారి) 3వ తరం దాకానే వెళ్తుంది. జెన్4, అంటే 4వ తరం ఎన్‌వీఎంఈ అందులో నడుస్తుంది గానీ ఆ అదనపు వేగానికి పెట్టిన డబ్బు వృథా.

ఏఎం5 బోర్డు కొన్నవాళ్లకు ఒక హెచ్చరిక. మొదటిసారి ఆన్ చేసినప్పుడు డీడీఆర్5 ర్యామ్‌ను బోర్డు పరీక్షించుకుంటుంది. కొన్ని నిమిషాలు తెర నల్లగా ఉండొచ్చు. చెడిపోయిందని ఆపేసి మళ్లీ మళ్లీ నొక్కకండి.

అభ్యాసం

కింది చీటీలో కూర్చోనివి, కూర్చుని పలకనివి, సగం బలంతో నడిచేవి విడదీసి రాయండి. జవాబులు 4వ పాఠంలో, బిగింపు మొదలుపెట్టే ముందు.

రైజెన్ 5 5600జీ. 2019లో తయారైన బీ450 మైక్రో ఏటీఎక్స్ బోర్డు, బయోస్ మార్చనిది. డీడీఆర్4 3200 ర్యామ్, 16 జీబీది ఒకటి. జెన్4 ఎన్‌వీఎంఈ 1 టీబీ. 170 వాట్ల గ్రాఫిక్స్ కార్డు, పొడవు 300 మి.మీ., 8 పిన్నుల సాకెట్ ఒకటి. కార్డుకు 280 మి.మీ. చోటున్న క్యాబినెట్. 450 వాట్ల ఎస్ఎంపీఎస్, దానికి కార్డు వైరు 6 పిన్నులది ఒకటే.