రిలేలు కరెంటు రాగానే టక్కుమంటున్నాయా?

గుడ్లు పొదిగించే పెట్టెకి నాలుగు హీటింగ్ బల్బులు, రెండు ఫ్యాన్లు ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోల్ బోర్డుతో కలిపాను, ఒక్కోదానికి ఒక రిలే (బోర్డు చెబితే ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్) పెట్టి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా రిలేలన్నీ ఒక్కసారి టక్కుమనేవి. ప్రోగ్రాంలో తప్పేమో అని రెండు రాత్రులు కూర్చున్నా. తీరా చూస్తే సంగతి చాలా చిన్నది. బజారులో దొరికే నీలం రిలే బోర్డుల్లో చాలావాటికి ఆర్డుయినో నుంచి వైరు వచ్చే పిన్ సున్నా వోల్టులకు దిగితేనే ఆన్. ప్రోగ్రాం మొదట్లో నడిచే సెటప్ భాగంలో పిన్‌మోడ్ అవుట్‌పుట్ (ఈ పిన్ నుంచి సిగ్నల్ బయటికి పంపు) అని రాయగానే పిన్ సున్నాకే దిగుతుంది. అందుకని ముందు డిజిటల్‌రైట్ హై (పిన్‌ని పైకి, అంటే రిలే ఆఫ్‌లో ఉంచే ఆజ్ఞ), ఆ తర్వాతే పిన్‌మోడ్. రెండు లైన్ల వరస మార్చితే చాలు.

ఒక్కో రిలే లోపలి కాయిల్ (స్విచ్‌ని లాగే తీగచుట్ట) 70 మిల్లీయాంపుల దాకా తీసుకుంటుంది. ఆరింటికీ కలిపి విడిగా 5 వోల్టుల అడాప్టర్ పెట్టండి, ఆర్డుయినో మీద భారం వేయకండి.

బల్బులన్నీ ఒకేసారి వెలిగించకండి. చల్లటి ఫిలమెంట్ మొదటి క్షణంలో మామూలుకంటే పది రెట్ల దాకా కరెంటు లాగుతుంది, ఒక్కోదానికి మధ్య సెకను గ్యాప్ ఇవ్వండి. పెట్టెలో వేడికి 37.5 డిగ్రీల దగ్గర ఆన్‌కీ ఆఫ్‌కీ ఒకే గీత గీస్తే రిలే చిటపటలాడుతూనే ఉంటుంది. 37.3 కంటే తగ్గితే ఆన్, 37.6 దాటితే ఆఫ్ అని పెట్టుకోండి. గాలి తిప్పే ఫ్యాన్‌ని మాత్రం హీటర్‌తో పాటు ఆపొద్దు.

రిలే కాంటాక్టులు (లోపల కలిసి విడిపోయే లోహపు ముక్కలు) ఒక్కోసారి అతుక్కుపోతాయి, అప్పుడు ప్రోగ్రాం ఎంత మొత్తుకున్నా హీటర్ ఆగదు. బల్బుల లైనులో విడిగా ఒక థర్మల్ కటాఫ్ (వేడి మితిమీరితే తనంతట తానే కరెంటు ఆపేది) వేయించండి.