రింగు కడుతున్నరా? కండ్లు పైలం

ఆదివారాలు హన్మకొండల పదిమందిమి కూసొని సైకిల్ రింగు కట్టుడు, అంటే పుల్లలు (స్పోకులు) అల్లి చక్రం తయారుచేసుడు, నేర్చుకుంటున్నం. ఈసారి కొత్తోళ్లు వస్తున్నరు కాబట్టి ముందే చెప్తున్న.

పుల్లలు అల్లేటప్పుడు ఎదురెదురుగ కూసోవద్దు. పుల్లను కొద్దిగ వంచి, మూడు పుల్లలు దాటించి, నిప్పల్ (పుల్ల కొసను రింగుకు బిగించే చిన్న మర) ఎక్కించేదాక దాని కొస బాణం లెక్క ఎగురుతది. నా చేతిల నుంచి జారిన పుల్ల ఒకటి ఎదుటాయన కనుబొమ్మ మీద గీత గీసింది. అరంగుళం కిందికైతే ఆ పూట కండ్ల దవాఖానలనే గడిచేది. అద్దాలు పెట్టుకోండ్రి, చత్వారం అద్దాలైనా సరే. పిల్లలను ముందట నిలబెట్టకుండ్రి, వాళ్ల మొఖం సరిగ్గ మన చేతుల ఎత్తులనే ఉంటది.

సామాను తెచ్చేకాడ లెక్క చూసుకోండ్రి. పాత నల్ల సైకిల్ ముందటి చక్రానికి 32 పుల్లలు, ఎనకదానికి 40. హబ్బు (చక్రం నడిమి బొడ్డు) తూట్లు ఒక లెక్క, రింగు తూట్లు ఇంకో లెక్క అయితే చాయ్ తాగి ఇంటికి పోవుడే. పుల్ల రెండు మూడు మిల్లీమీటర్లు పొడుగైనా నిప్పల్ దాటి ట్యూబును పొడుస్తది. ఆ కొసను ఆకురాయితో రాకి, రింగు లోపల పట్టీ వేసినంకనే ట్యూబు ఎక్కియ్యాలె. పొట్టిదైతే ఇంకా పాడు, మరలు నిండ పట్టక బరువు పడ్డనాడు నిప్పలే తెగుతది.

అందరు బోల్తపడేది బిగించేకాడ. టైరు దిక్కు నుంచి స్క్రూడ్రైవర్‌తో కుడికి తిప్పితే బిగుస్తది. పానా పట్టి హబ్బు దిక్కు నుంచి చూస్తే అదే ఎడమకు తిరిగినట్టుంటది. సమజ్ కాకపోతే చెయ్యి ఆపుండ్రి. తిప్పినా ఒకసారికి పావు చుట్టే.

మీ రింగు మీద ఇంకొకరి పానా పడనియ్యకుండ్రి. నేను చాయ్ కోసం లేస్తే, వదులున్నయని ఒక దోస్తు నాలుగు పుల్లలు బిగించిండు. పాపం, మంచికే. వచ్చి చూస్తే రింగు కోడిగుడ్డు లెక్కుంది, అన్నీ విప్పి మళ్ల మొదటికొచ్చిన.

మరలకు నూనె చుక్క చాలు, రింగుకు అంటితే బ్రేకు పట్టదు.

అయినంక గ్లౌజులు తొడిగి జంట పుల్లలను గట్టిగ పిసికి, మళ్ల బెండు చూడుండ్రి. టింగుమంటే జడుసుకోకుండ్రి, పుల్ల మెలిక ఇడుస్తున్నది. కొత్త రింగుతోటి ఆ రోజే ఫాతిమానగర్ బ్రిడ్జి దిగకుండ్రి. గల్లీల రెండు రౌండ్లు కొట్టి, పుల్లలను వేలితో మీటి, వదులైనదాన్ని బిగించినంకనే రోడ్డెక్కుండ్రి.